సంచీలో ఏముంది

మూడో పీరియడు మొదలై పది నిమిషాలైంది. గ్లెండా స్టిడమ్ బోర్డు మీద అమెరికా రాజ్యాంగం నాలుగో సవరణ రాస్తోంది. ముప్ఫై ఏళ్ళుగా ఏటా అక్టోబరులో రాసే వాక్యం, పుస్తకం చూడనక్కర్లేదు. ప్రజలకి తమ ఒళ్ళు, ఇల్లు, కాగితాలు, సామాను కారణం లేని సోదాల బారిన పడకుండా భద్రంగా ఉంచుకునే హక్కు ఉంది. ఆ హక్కుని భంగపరచకూడదు.

"అంటే మా ట్రక్కుని పోలీసులు ఆపకూడదా మేడమ్?" అన్నాడు వెనక నుంచి టకర్.

"ఎందుకు ఆపారో చెప్పగలిగితే ఆపొచ్చు. నీ మొహం నచ్చలేదని ఆపకూడదు."

"వాడి మొహం ఎవరికి నచ్చింది గనక!" అంది పక్క వరసలో అమ్మాయి. అందరూ నవ్వారు. గ్లెండా కూడా నవ్వింది.

"మరి బళ్ళోనో?" అడిగింది మార్లా నేపియర్. కిటికీ పక్కన కూర్చునే పొడుగాటి పిల్ల. ఎప్పుడోగాని నోరు విప్పదు, విప్పితే పనికొచ్చే మాటే అడుగుతుంది.

"మంచి ప్రశ్న. బళ్ళో వారంటు అక్కర్లేదు. కానీ ఫలానా పిల్ల దగ్గర ఫలానా వస్తువు ఉందనుకోడానికి ఏదో ఒక కారణం ఉండాలి. గదిలో ఉన్న అందరి మీదా అనుమానమే అన్నారనుకో, అసలు ఎవరి మీదా అనుమానం లేనట్టే లెక్క. రాసుకోండి, పరీక్షలో ఇస్తాను."

పిల్లలు రాసుకుంటూంటే తలుపు తెరుచుకుంది. వైస్ ప్రిన్సిపాల్ డ్వైట్ హాల్‌కమ్ లోపలికొచ్చాడు. అతని వెనక వరండా కాపలా చూసే ఆవిడ, చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని.

"సారీ మేడమ్, ఐదు నిమిషాలు," అన్నాడు. డ్వైట్ కూడా ఈ గదిలో చదువుకున్నవాడే. పద్దెనిమిదేళ్ళ కిందట రెండో వరసలో కూర్చుని, కాగితం మీద ఎప్పుడూ లేళ్ళ బొమ్మలు గీస్తూండేవాడు. ఇప్పటికీ ఆమెను మేడమ్ అనే పిలుస్తాడు.

"జిమ్ ఆఫీసులో తాళంచెవి పోయింది. అన్ని తలుపులకీ పట్టే తాళంచెవి అది. పొద్దుణ్ణుంచి జిమ్‌కి వచ్చిన క్లాసులన్నీ చూస్తున్నాం. సంచులు బల్లల మీద పెట్టండి. జిప్పులు తియ్యండి."

జిప్పుల చప్పుడు గదంతా పాకింది. రబ్బరు తొడుగుల ఆవిడ మొదటి వరసలో చేతులు పెట్టి కెలుకుతోంది. పుస్తకాలు, చిప్సు పొట్లాలు, ఛార్జర్లు. రెండో వరస, మూడో వరస. కిటికీ దగ్గర ఆగింది.

మార్లా సంచీ బల్ల మీదే ఉంది. దాని మీద రెండు చేతులూ అడ్డంగా పెట్టుకుని కూర్చుంది.

"తెరువు," అన్నాడు డ్వైట్.

"నా మీద అనుమానమా సార్?"

"నీ ఒక్కదాని మీద కాదు. అందరి మీదా."

"అందరి మీదా అంటే ఎవరి మీదా లేనట్టే కదా." గొంతులో పొగరు లేదు. ఇప్పుడే విన్నది సరిగ్గా అప్పజెప్పుతున్నానా అన్నట్టు, గ్లెండా వైపు తిరిగి అంది. "కదా మేడమ్?"

ఇరవై ఆరు తలలు గ్లెండా వైపు తిరిగాయి. డ్వైట్ కూడా తిరిగాడు. అతని మొహంలో కోపం లేదు, కాస్త విసుగు, అంతే. పన్నెండింటిలోపు ఇంకా మూడు గదులు తిరగాలి అతను.

గ్లెండా చేతిలో మార్కరు మూత ఉంది. దాన్ని పెట్టింది, తీసింది.

"తెరువమ్మా మార్లా," అంది. "రెండు నిమిషాల పని. పోనీ, అయిపోతుంది."

మార్లా ఆమెను ఇంకాసేపు చూసింది. తర్వాత చేతులు తీసేసింది.

పుస్తకాల కింద కిరాణా కొట్టు కవరొకటి ముడేసి ఉంది. రబ్బరు తొడుగుల ఆవిడ బయటికి లాగబోయేసరికి కవరు చిరిగింది. తడి బట్టలు బల్ల మీద పడ్డాయి. గట్టిగా పిండి మడిచినవే. ముసలాయన వేసుకునే పొడుగు లోబనీను, పూల నైటీ ఒకటి, ఆడపిల్ల లోబట్టలు మూడు, అరిగిపోయిన సబ్బు ముక్క. నీళ్ళు బల్ల మీంచి జారి, మార్లా రాసుకున్న నోటుపుస్తకంలోకి ఇంకాయి.

వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు.

"ఇవేంటి?" అన్నాడు డ్వైట్.

"బట్టలు."

"కనిపిస్తూనే ఉంది. బడికెందుకు తెచ్చావ్?"

"మా లోయలో నాలుగు వారాల్నుంచి కుళాయి రావట్లేదు సార్. జిమ్‌లో సింకు దగ్గర ఉతుక్కున్నా."

"జిమ్‌లోనా? ఎన్నింటికి?"

"ఏడింటికి."

డ్వైటూ ఆవిడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "పద, ఆఫీసుకి రా."

మార్లా ఒక్కొక్క బట్టా ఏరుకుని మళ్ళీ సంచీలో కుక్కింది. ఒకటి నేల మీద పడితే వంగి తీసుకుంది. ఎవరూ లేవలేదు. గ్లెండా లేవనక్కర్లేదు, నిలబడే ఉంది. నాలుగడుగులు వేస్తే ఆ బల్ల దగ్గరుండేది. వెయ్యలేదు. డస్టరు తీసుకుని, బోర్డు వైపు తిరిగి, రాసిన వాక్యాన్ని తుడవడం మొదలుపెట్టింది. పైనుంచి కింది దాకా, అక్షరం మిగలకుండా తుడిచింది. తలుపు మూసుకున్న చప్పుడు వీపుకే వినపడింది.

ఆ రాత్రి భోజనాలకి ఆమె మొగుడు రాయిస్ చిక్కుడు గింజల పులుసూ, మొక్కజొన్న రొట్టే చేశాడు. గ్లెండా జరిగిందంతా చెప్పింది. డ్వైట్ గురించి గట్టిగా చెప్పింది, రబ్బరు తొడుగుల గురించి గట్టిగా చెప్పింది.

రాయిస్ ఉల్లిపాయ తరుగుతూ విన్నాడు. "నువ్వేమన్నావ్?"

"తెరవమన్నాను."

కత్తి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. "వాడికి భయపడ్డావా?"

"వాడికా? వాడికి సి గ్రేడు వేసినదాన్ని నేను."

"మరి?"

గ్లెండా పొయ్యి వైపు తిరిగింది. భయమని చెప్పుకోగలిగితే బాగుండేది. భయానికి ఓ మర్యాద ఉంది, నలుగురూ అర్థం చేసుకుంటారు. ఆ క్షణంలో ఆమెకి భయం లేదు. గదిలో రభస కాకూడదని ఉంది. పాఠం వెనకబడకూడదని ఉంది. డ్వైట్ నొచ్చుకోకూడదని కూడా ఉంది. పిల్ల నొచ్చుకుంటుందన్నది మాత్రం గుర్తు రాలేదు.

"రొట్టె మాడుతోంది చూడు," అంది.

బుధవారం పొద్దున్నే టీచర్లందరికీ మెయిలొచ్చింది. తాళంచెవి దొరికింది; పైకప్పు బాగుచేసే పనివాళ్ళు పొరపాటున పట్టుకెళ్ళారు; సహకరించినందుకు ధన్యవాదాలు. మార్లా పేరు లేదు. ఆ పిల్లని రెండు గంటలు ఆఫీసులో కూర్చోబెట్టిన ఊసూ లేదు.

మూడో పీరియడులో మార్లా తన చోట తాను కూర్చుంది. సంచీ ఒళ్ళో పెట్టుకుంది. ఏమీ అడగలేదు. కారిడార్‌లో మాత్రం ఎవడో "లాండ్రీ!" అని అరవడం గ్లెండాకి రెండుసార్లు వినపడింది.

సాయంత్రం పసుపు బస్సులు వరసగా ఆగినచోట, ఇంజన్ల రొద మధ్య, గ్లెండా మార్లాని పట్టుకుంది.

"మార్లా, ఒక్క నిమిషం. నిన్న జరిగింది చాలా తప్పు. నేను... నాకు చాలా బాధగా ఉందమ్మా."

"సరే మేడమ్."

"మా ఇంట్లో వాషింగ్ మెషీనుంది. శనివారం శనివారం మీ బట్టలు పట్టుకురా. ఎవరికీ తెలియనక్కర్లేదు."

మార్లా నవ్వింది, నవ్వనుకోవడానికి లేదది. "నేనేమైనా వాషింగ్ మెషీను అడిగానా మేడమ్?"

"అది కాదు, నేననేది..."

"ఇరవై ఆరుగురి ముందు తెరవమన్నారు. సారీ మాత్రం బస్సుల చప్పుడులో, ఎవరికీ వినపడకుండా చెప్తున్నారు." సంచీ భుజం మార్చుకుంది. "నిన్న మిమ్మల్ని పరీక్ష పెడదామని అడగలేదు. మీకు తెలుసుగదా అని అడిగాను. అంతే."

మార్లా ఎక్కగానే బస్సు తలుపు మూసుకుంది. చుట్టూ పిల్లలు తోసుకుంటూ పోతున్నారు. గ్లెండాకి చెవులు వేడెక్కాయి. తన వయసులో మూడో వంతు లేని పిల్ల చెప్పిన దాంట్లో కాదనడానికి ఒక్క ముక్క దొరకలేదు.

గురువారం యూనిట్ పరీక్ష. ప్రశ్నపత్రం కిందటేడు తయారుచేసిందే. పొద్దున కాపీలు తీస్తూ ఏడో ప్రశ్న దగ్గర ఆగిపోయింది. ఒక బడి అధికారి, ఏదో వస్తువు పోయిందని, ఎవరి మీదా ప్రత్యేకించి అనుమానం లేకుండా క్లాసులో అందరి సంచులూ వెతికాడు. ఇది రాజ్యాంగం ప్రకారం చెల్లుతుందా? కారణాలు రాయుము.

ఆ ప్రశ్న కొట్టేద్దామనుకుంది. పెన్ను తీసి కాగితం మీద ఆనించింది కూడా. మళ్ళీ డస్టరు పట్టుకున్నట్టే అనిపించి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

పరీక్షలో పిల్లలు ఏడో ప్రశ్న దాకా రావడం ఆమెకి తెలుస్తూనే ఉంది. ఒక్కొక్కరే తలెత్తి కిటికీ వైపు చూస్తున్నారు, అక్కణ్ణుంచి ఆమె వైపు, మళ్ళీ కాగితంలోకి. మార్లా తలెత్తలేదు.

మధ్యాహ్నం ఖాళీ పీరియడులో దిద్దడానికి కూర్చుంది. ఎర్ర పెన్ను మూత తీసింది. మొదటి కాగితం: చెల్లుతుంది, అధికారి చెప్పాడు కాబట్టి. రెండోది: చెల్లుతుంది. మూడోది ఆ టకర్‌ది. వంకర అక్షరాలతో ఇలా రాశాడు: "చెల్లుతుంది. మంగళవారం మన క్లాసులో ఇదే జరిగింది. తప్పయితే మేడమ్ ఆపేవారు."

గ్లెండా ఆ వాక్యం మీద సున్నా వెయ్యబోయి ఆగింది. తర్వాతవి చూసింది. "బోర్డు మీద చెల్లదని రాశారు, కానీ తర్వాత తుడిచేశారు, కాబట్టి చెల్లుతుంది." "చెల్లుతుంది, మేడమ్ కూడా తెరవమనే చెప్పారు." ఇరవై ఆరింటిలో పంతొమ్మిది అలాగే ఉన్నాయి. మంచి మార్కులొచ్చే పిల్లలవీ ఉన్నాయి వాటిలో. వాళ్ళు పాఠం వినకపోలేదు. విన్నారు, చూశారు కూడా. చూసింది రాశారు.

ముప్ఫై ఏళ్ళ పాఠం ఒక్క మాటతో పోయింది. తెరువమ్మా.

మార్లా కాగితం అడుగున ఉంది. సరైన జవాబు, కారణాలతో సహా, పొందిగ్గా ఉంది. చివర ఒక్క వాక్యం ఎక్కువ రాసింది: "పుస్తకంలో చెల్లదు. మన నూట పద్నాలుగో నంబరు గదిలో చెల్లుతుంది."

గ్లెండా ఎర్ర పెన్ను మూత పెట్టేసింది. ఏ కాగితం మీదా మార్కు వెయ్యలేదు.

సరాసరి డ్వైట్ గదికి వెళ్ళింది. అతను బల్ల దగ్గరే సాండ్‌విచ్ తింటున్నాడు, లేచి కుర్చీ జరిపాడు. "రండి మేడమ్, కూర్చోండి."

"రేపు మూడో పీరియడుకి రా డ్వైట్. తాళంచెవి ఎవరి దగ్గర దొరికిందో పిల్లలకి నీ నోటితో చెప్పు. ఆ పిల్లకి సారీ చెప్పు."

"అయిపోయిందేదో అయిపోయింది మేడమ్. ఇప్పుడు మళ్ళీ కెలికితే ఆ పిల్లకే ఇబ్బంది." మూతి తుడుచుకున్నాడు. "అయినా నాకు తప్పనిపిస్తే అప్పుడే ఆగేవాణ్ణి. మీరు అక్కడే ఉన్నారుగా. మీరు ఒక్క మాటంటే నేను ఆగేవాణ్ణి మేడమ్, నిజంగా."

తప్పించుకోడానికి అన్నాడో, నిజంగానే అన్నాడో తెలీదు. మొహం మాత్రం రెండో వరసలో కూర్చున్న రోజుల్లో ఉన్నట్టే ఉంది. గ్లెండా కూర్చోకుండానే వెనక్కి వచ్చేసింది. ఆ రోజు సాయంత్రమే, బళ్ళ పాలన చూసే స్కూలు బోర్డుకి ఫిర్యాదు రాయడానికి కూర్చుంది. రెండు పేజీలు రాసింది. రాస్తూంటే కళ్ళు చెమ్మగిల్లాయి, మనసు కాస్త తేలిక పడింది.

శుక్రవారం క్లాసులో కాగితాలు పంచింది. మార్కులు లేవని పిల్లలు ఒకళ్ళ కాగితం ఒకళ్ళు చూసుకున్నారు.

"ఏడో ప్రశ్న మీరెవరూ తప్పు రాయలేదు. తప్పు చేసింది నేను," అంది గ్లెండా. బల్ల వెనక నిలబడలేదు, కిటికీ దగ్గరి వరసకి వచ్చి నిలబడింది. "మంగళవారం ఆ సోదా చెల్లదు. తాళంచెవి ఈ గదిలో ఎవరి దగ్గరా లేదు, పనివాళ్ళు పట్టుకెళ్ళారు. మార్లా అడిగింది సరైన ప్రశ్న. 'అవును మార్లా, నువ్వన్నది నిజం. డ్వైట్, ఆగు' అనాల్సింది నేను. అనలేదు. తెరవమన్నాను. ఆ తర్వాత ఆ పిల్ల మొహం చూడలేక బోర్డు తుడుచుకున్నాను. మార్లా, నన్ను క్షమించు."

టకర్ తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. మార్లా మొహం ఎర్రబడింది, మెడ దాకా. క్షమించానని అనలేదు. "సరే మేడమ్," అంది. బుధవారం అన్న మాటే, ఈసారి కాస్త నెమ్మదిగా.

బెల్లు కొట్టాక గ్లెండా మార్లాని ఆపి ఫిర్యాదు కాగితాలు చేతికిచ్చింది. "సోమవారం బోర్డు మీటింగులో చదువుతాను. ముందు నువ్వు చూడాలని."

మార్లా నిలబడే చదివింది. మొదటి పేజీ వేగంగా చదివింది. రెండో పేజీలో కళ్ళు ఆగిపోయాయి. గ్లెండా ఆ మొహాన్నే చూస్తోంది. నిజం చెప్పాలంటే, ఓ మంచి మాట కోసం ఎదురుచూస్తోంది.

"మేడమ్, ఇందులో మళ్ళీ నా సంచీ విప్పారు."

"ఏమిటమ్మా?"

"మా అమ్మమ్మ నైటీ ఉంది. మా తాత లోబనీను. నావి కూడా... ఎన్ని, ఏ రంగు, అన్నీ ఉన్నాయి. కుళాయి రావట్లేదనీ ఉంది. ఇది మీటింగులో పైకి చదువుతారా? మా మామయ్య వస్తాడు ఆ మీటింగుకి. మా చర్చివాళ్ళు వస్తారు."

"వాళ్ళ మనసు కరగాలని రాశాను మార్లా. ఏం జరిగిందో వాళ్ళకి తెలియాలి కదా."

"వాళ్ళ మనసు కరగడానికి నా బట్టలెందుకు మేడమ్?"

గ్లెండా ఆ కాగితం వైపు చూసింది. ఆ రెండో పేజీ రాస్తున్నప్పుడే తన కళ్ళు చెమ్మగిల్లాయి. తన వాక్యాల్లో ఆమెకి బాగా నచ్చినవి అవే. బల్ల మీంచి నీళ్ళు కారడం, పూల నైటీ, సబ్బు ముక్క. కంటితడి పెట్టించే వస్తువులన్నీ ఏరి, వరసగా ఆరేసింది.

"పెన్ను ఉందా?" అడిగింది మార్లా.

ఇచ్చింది. మార్లా కాగితాన్ని బల్ల మీద పెట్టి, వంగి, లైను తర్వాత లైను కొట్టేసింది. తొందర లేదు. రెండో పేజీ అంతా పోయింది. మొదటి పేజీలో నాలుగు లైన్లు పోయాయి. చివరికి మిగిలింది చూసి, "ఇంత చాలు," అని, సంచీ తగిలించుకుని వెళ్ళిపోయింది.

సోమవారం ఆరింటికి లైబ్రరీలో మీటింగు. ఐదుగురు సభ్యులు పొడుగు బల్ల వెనక, జనం మడత కుర్చీల్లో. డ్వైట్ ముందు వరసలో టై కట్టుకుని కూర్చున్నాడు. రాయిస్ తలుపు దగ్గర నిలబడ్డాడు. మార్లా రాలేదు. పైకప్పు సంగతీ, బస్సు రూట్ల సంగతీ అయ్యాక గ్లెండాని పిలిచారు.

కాగితం మీద ఎనిమిది లైన్లే ఉన్నాయి. చదివింది. మూడో పీరియడులో అందరి సంచులూ వెతికారు. ఎవరి మీదా ప్రత్యేక కారణం చెప్పలేదు. ఒక విద్యార్థిని ఇది సబబేనా అని టీచరుని అడిగింది. టీచరు తెరవమంది. సంచీలో తాళంచెవి లేదు. ఉన్నవి ఆ విద్యార్థిని సొంత వస్తువులు. ఇకముందు ఇలాంటి సోదా జరగకూడదు. ఆ టీచరుని నేనే.

అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. మెత్తటి మనిషి, మందుల షాపు నడుపుతాడు. "గ్లెండా గారూ, మీ బాధ నాకు అర్థమైంది. కానీ ఊళ్ళో ఏవేవో అనుకుంటున్నారు. మా పని మేం చెయ్యాలంటే మాకూ తెలియాలి. ఆ సంచీలో ఏముంది?"

కుర్చీల్లో జనం కాస్త ముందుకి వంగారు. చెబితే ఈ గదిలో సగం మంది కళ్ళు చెమ్మగిల్లుతాయని గ్లెండాకి తెలుసు. ఆ వాక్యాలు ఆమెకి కంఠతా వచ్చు.

"చెప్పనండి," అంది.

"ఇక్కడ అందరం మనవాళ్ళమేగా. ఆ పిల్ల మేలు కోరే అడుగుతున్నాను."

"తెలుసు సార్. అయినా చెప్పను. అది అడగడానికి మీ దగ్గర కారణం లేదు. వారం కిందట నేను అనాల్సిన మాట ఇది."

వెనక ఎవరో దగ్గారు. డ్వైట్ తన చేతులు చూసుకుంటున్నాడు. మీటింగు మినిట్సు రాసే ఆవిడ పెన్ను పట్టుకుని అధ్యక్షుడి వైపు చూసింది.

"అలాగైతే..." అధ్యక్షుడు కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఆ పిల్ల పేరు లేదు, సంచీలో ఏముందో లేదు. మరి మేం ఇందులో ఏం రాసుకోవాలండీ?"

రెండు తరాల శిష్యులు కూర్చుని చూస్తున్నారు.

"తెరవమన్నది ఎవరో ఉంది కదండీ," అంది. "ఆ పేరు రాసుకోండి. గ్లెండా స్టిడమ్. రాజ్యాంగం పాఠం చెప్పే టీచరు."

మినిట్సు రాసే ఆవిడ ఒక్క క్షణం ఆగింది. తర్వాత తల వంచి రాసుకుంది. ఆ అక్షరాలన్నీ పూర్తయ్యేదాకా గ్లెండా అక్కడే నిలబడింది.